మార్పులు చేయించిన పాత షెవర్లే సీ-10 పికప్ అమ్మడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ పక్కన ఉండే నేను 1972 మోడల్ షెవర్లే సీ-10 పికప్‌ని ఆరేళ్ల పాటు చేతికి మసి అంటించుకుంటూ బాగుచేసుకుని, కిందటేడాది అమ్మాను. అప్పటి నుంచి గ్యారేజీలో ఇలాంటి బండి ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి సలహాలు అడుగుతున్నారు. ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నాను. పేపర్ల విషయం ఎక్కువగా టెక్సస్‌కి సంబంధించినది. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు అక్కడి డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ శాఖ) రూల్స్ చూసుకోండి.

నా దగ్గరున్నది "క్లాసిక్" కిందకి వస్తుందా?

షెవర్లే పికప్పుల్లో ఎక్కువమంది వెతికేది 1967 నుంచి 1972 వరకు వచ్చిన తరం. దాని తర్వాత 1973 నుంచి 1987 వరకు వచ్చిన, మూలలు పలకలుగా ఉండే "స్క్వేర్ బాడీ". ఫోర్డ్ వైపు ఎఫ్-100కి అంతే అభిమానులున్నారు. షెవర్లేలో 'సీ' అంటే వెనక చక్రాలతో మాత్రమే నడిచేది, 'కే' అంటే నాలుగు చక్రాలతో నడిచేది. 10 అంటే హాఫ్ టన్ బండి అని గుర్తు.

వెనక తొట్టి ఆరున్నర అడుగులుంటే షార్ట్ బెడ్, ఎనిమిది అడుగులుంటే లాంగ్ బెడ్. అప్పట్లో రైతులు, మేస్త్రీలు పనికోసం లాంగ్ బెడ్డే ఎక్కువగా కొన్నారు. ఇప్పుడు కొనేవాళ్లు మాత్రం చూడ్డానికి బాగుంటుందని షార్ట్ బెడ్ కోసం తిరుగుతారు. మిగతావన్నీ సమానంగా ఉన్నా ఈ ఒక్క తేడాతో ధర మారిపోతుంది.

పెట్టిన డబ్బంతా వెనక్కి వస్తుందా?

రాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. నేను బండి కొన్న ధర, పార్టులు, పెయింటు, ఇంజిన్ పని అన్నీ కలిపి పుస్తకంలో రాసుకున్నాను. అమ్మినప్పుడు వచ్చింది అందులో నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువ. నా శని, ఆదివారాలకు ఎవరూ లెక్క కట్టలేదు.

కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, మన చేత్తో బిగించిన ప్రతి బోల్టూ మనకు బంగారంలా కనిపిస్తుంది. కొనేవాడికి కనిపించేది బండి ఒక్కటే. "నాకు ఇంత ఖర్చయింది" అని రేటు చెప్తే బేరం అక్కడే ఆగిపోతుంది. "ఇలాంటి బండ్లు ఇంతకు పోతున్నాయి, నా బండిలో ఇవి అదనం" అని చెప్తే ముందుకు సాగుతుంది.

మరి ధర ఎలా కట్టాలి?

అమ్మకానికి పెట్టిన ప్రకటనల్లోని రేట్లు చూడకండి. అవి అమ్మేవాళ్ల ఆశలు. నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడండి. బ్రింగ్ ఎ ట్రెయిలర్ లాంటి ఆన్‌లైన్ వేలం సైట్లలో పాత వేలాలన్నీ ఫోటోలతో, చివరి ధరతో అలాగే ఉంటాయి. పాత బండ్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే హాగర్టీ కంపెనీ వాళ్ల వాల్యుయేషన్ (ధర అంచనా) పట్టికలో బండ్లను ఒకటి నుంచి నాలుగు వరకు నంబర్లిచ్చి విడదీస్తారు. ఒకటి అంటే ప్రదర్శనలో బహుమతి కొట్టే బండి, మూడు అంటే వాడుకోవడానికి బాగున్న బండి, నాలుగు అంటే నడుస్తుంది కానీ లోపాలు పైకి కనిపించే బండి. మనలో చాలామంది మూడో నంబరు బండిని రెండు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. పాత బండ్లు తెలిసిన ఒక పెద్దాయన వచ్చి తలుపులు, బానెట్ మధ్య సందులు వేలితో కొలిచి చూపించాక ఒప్పుకున్నాను.

ఒక చిక్కుంది. ఆ పట్టికలు ఒరిజినల్‌గా ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి. మార్పులు చేసిన బండికి అచ్చంగా సరిపోయే లెక్క ఎక్కడా దొరకదు. మీ బండిలాగే ఇంజిన్ మార్చిన, ఎత్తు తగ్గించి కిందకి దించిన బండ్లు ఓ ఏడెనిమిది ఎంతకు పోయాయో చూసి మీరే లెక్క కట్టుకోవాలి.

ఏ మార్పులకు విలువ ఇస్తారు?

బండిని రోజూ నడపడానికి వీలుగా మార్చినవాటికి ఇస్తారు. 1971కి ముందు సీ-10లకు ముందు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, డిస్కులు ఆ ఏడాది నుంచి మామూలుగా రావడం మొదలైంది. కాబట్టి పాతదానికి డిస్క్ బ్రేకులు వేయించి ఉంటే అది మంచి పని. పవర్ స్టీరింగ్, టెక్సస్ ఎండలకు ఏసీ, కొత్త వైరింగ్ కూడా అంతే. ఈ తరం బండ్లలో పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది. దాన్ని తీసి తొట్టి కింద పెట్టించారంటే ఇంటికి భార్యాపిల్లలున్న కొనుగోలుదారు ఆ మాట దగ్గర తప్పకుండా ఆగుతాడు.

ఇంజిన్ విషయంలో ఎల్‌ఎస్ మార్పిడికి, అంటే పాత ఇంజిన్ తీసి షెవర్లే వాళ్ల కొత్త రకం ఇంజిన్ పెట్టించడానికి, గిరాకీ బాగా ఉంది. 1997 కార్వెట్‌తో మొదలైన ఈ ఇంజిన్ కుటుంబం 1999 నుంచి సిల్వరాడో ట్రక్కుల్లోకి వచ్చింది. అందుకే 5.3 లీటర్ల ఇంజిన్లు పాత సామాన్ల యార్డుల్లో సులువుగా దొరుకుతాయి. చలికాలం పొద్దున కూడా సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. పని శుభ్రంగా జరిగిందా లేదా అనేదే అసలు ప్రశ్న. బానెట్ ఎత్తగానే టేపు చుట్టిన వైర్లు వేలాడుతుంటే ఎంత మంచి ఇంజిన్ అయినా రేటు పడిపోతుంది.

సొంత అభిరుచికి చేయించినవి వేరే కథ. ఊదారంగు పెయింటు, పెద్ద చక్రాలు, సీట్ల మీద పేరు కుట్టించడం లాంటివి ఉంటే, మీలాంటి అభిరుచి ఉన్న ఒక్క మనిషి దొరికే దాకా ఆగాల్సి వస్తుంది.

పాత పార్టులు దాచాను. ఇవ్వాలా?

ఇవ్వండి. ఒరిజినల్ స్టీరింగ్, గ్రిల్, రేడియో, పాత ఇంజిన్ ఉంటే అన్నీ గ్యారేజీలో ఒకచోట పేర్చి ఫోటో తీసి ప్రకటనలో పెట్టండి. బండిని మళ్లీ మొదటి రూపానికి తీసుకెళ్లొచ్చు అనే ధైర్యానికి విలువుంది. గ్లవ్ బాక్సులో అంటించిన ఫ్యాక్టరీ కాగితం చిరగకుండా ఉంటే దాన్ని దగ్గరగా ఫోటో తీయండి. బండి ఫ్యాక్టరీ నుంచి ఏయే ఆప్షన్లతో వచ్చిందో అందులో ఉంటుంది.

లాంగ్ బెడ్‌ని కోసి షార్ట్ బెడ్ చేయించాను. చెప్పాలా, వద్దా?

చెప్పాలి, అదీ మొదటి పేరాలోనే చెప్పాలి. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే చదవగలిగితే ఇది చదవండి.

ఈ బండ్లలో షార్ట్ బెడ్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 115 అంగుళాలు, లాంగ్ బెడ్‌ది 127. అంటే ఛాసిస్‌లో పన్నెండు అంగుళాలు తీసేసి మళ్లీ వెల్డింగ్ చేయాలి, వెనక తొట్టినీ మార్చాలి. బాగా చేస్తే అది గట్టి పనే. మంచి పనివాళ్లు నిలువుగా ఒకే గీతలో కోయకుండా మెట్లుమెట్లుగా కోసి, లోపల ప్లేటు వేసి అతుకుతారు. ఒకే గీతలో కోసి అతికితే బరువంతా ఆ ఒక్క అతుకు మీదే పడుతుంది.

నా బండికి ఈ పని మొదట ఒక షెడ్డులో చేయించాను. వెల్డింగ్ పైపైన బాగానే కనిపించింది. ఏడాది తర్వాత నీళ్లతో కడుగుతుంటే అతుకు పక్కన వెంట్రుకంత సన్నటి గీత కనిపించింది. గోరు పెట్టి గీస్తే రంగు పొడిలా రాలి, కింద పగులు బయటపడింది. ఆ రోజు మధ్యాహ్నమే పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్లొచ్చాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ వేరేచోట మొత్తం కోయించి, ప్లేట్లు వేయించి, ప్రతి దశకూ ఫోటోలు తీయించుకున్నాను.

అమ్మేటప్పుడు ఆ ఫోటోలన్నీ పెట్టాను, మొదటిసారి పగిలిన విషయంతో సహా. కొన్న మనిషి నా డ్రైవ్‌వేలో అట్ట పరుచుకుని బండి కింద పడుకుని, టార్చి వేసి ఆ అతుకు మీద చిన్న సుత్తితో రెండు వైపులా తట్టి చూశాడు. లేచి చేతులు దులుపుకుంటూ "పగిలిందని రాశారు కాబట్టే వచ్చాను" అన్నాడు. దాచిపెట్టి అమ్మితే, తెలిసి దాచినందుకు కోర్టు దాకా వెళ్లొచ్చు. అంతకంటే పెద్ద మాట, ఆ బండిలో రేపు ఎక్కేది ఇంకొకళ్ల పిల్లలు.

బండి కిందకి దిగడానికి వెనక ఇరుసు పైన ఛాసిస్‌కి గంటు పెట్టించినా, బండి ఎత్తును గాలితో మార్చే ఎయిర్ బ్యాగ్ సస్పెన్షన్ వేయించినా ఇదే మాట. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ కిట్ వాడారు అనేవి రాయండి.

తుప్పు, పుట్టీ గురించి ఎంతవరకు చెప్పాలి?

కొనేవాడు ఎక్కడ చూస్తాడో మీరూ అక్కడే ముందు చూడండి. క్యాబిన్ వెనక కింది మూలలు, తలుపుల కింద పట్టీలు, కాళ్ల దగ్గర నేల, అద్దం చుట్టూ అంచు, అద్దం కింద గాలి వచ్చే చోటు ముఖ్యం. తెలిసినవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం పలుచటి గుడ్డలో చుట్టి తెస్తారు. ఇనుము మీద అది ఠక్కున అతుక్కుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారి చేతిలో పడుతుంది. నా బండి ఎడమ మూల దగ్గర అలాగే జారింది. అక్కడ పుట్టీ ఉందని ముందే రాసి ఉండటం వల్ల అతను తలూపి ముందుకు కదిలాడు.

రంగు వెలిసి, అక్కడక్కడ తుప్పు మరకలతో ఉన్న పాత ఒరిజినల్ పెయింటుని ఇక్కడ ఇష్టపడేవాళ్లున్నారు. మీ బండి అలా ఉంటే అమ్మకానికని కొత్త రంగు కొట్టించకండి. చవక పెయింటు వేసిన బండిని చూస్తే ఏదో కప్పిపెడుతున్నారనే అనుమానం వస్తుంది.

విన్ (బండిని గుర్తించే నంబరు) 13 అంకెలే ఉంది. పొరపాటా?

కాదు. 17 అంకెల పద్ధతి 1981 మోడళ్ల నుంచి వచ్చింది. 1972 షెవర్లే ట్రక్కుకి 13 ఉంటాయి. అందువల్ల మామూలు కార్లకు తీసే హిస్టరీ రిపోర్టులు ఈ బండ్లకు పనిచేయవు. "ఫలానా సైట్లో రిపోర్టు కొని పంపండి, వెంటనే కొంటాను" అని ఎవరైనా మెసేజ్ పెడితే అది మీ కార్డు నంబరు కోసం వేసిన వల.

డ్రైవర్ తలుపు చట్రం దగ్గర రివెట్లతో బిగించిన ప్లేటు మీద ఆ నంబరు ఉంటుంది. అది టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ప్రకటన పెట్టకముందే ఒకసారి చూసుకోండి. పాత టైటిళ్లలో సున్నాకి బదులు 'ఓ' అక్షరం పడ్డవి ఉంటాయి, దాన్ని సరిచేయించడానికి టైమ్ పడుతుంది. పెయింటు కోసమని ఆ ప్లేటుని ఎప్పుడూ ఊడదీయనివ్వకండి. విన్ ప్లేటుని చెరపడం, తీసేయడం ఫెడరల్ చట్టం కిందకి వచ్చే నేరం.

టైటిల్ మీ పేరు మీదే ఉండాలి. మీకు అమ్మినవాళ్లు సంతకం చేసిచ్చిన టైటిల్‌ని మీ పేరు మీదకి మార్పించకుండా అలాగే ఇంకొకరికి ఇచ్చేస్తే తలనొప్పి అంతా కొనేవాడి నెత్తిన పడుతుంది.

ఇంజిన్ మార్చాను కదా, పొల్యూషన్ టెస్ట్ సమస్య అవుతుందా?

టెక్సస్‌లో కాదు. 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, హారిస్ లాంటి కౌంటీల్లో పొల్యూషన్ టెస్ట్ ఇంకా ఉన్నా, 24 ఏళ్లు దాటిన బండ్లకు అది లేదు. కాలిఫోర్నియా నుంచి ఫోన్ వస్తే మాత్రం బండి ఏ సంవత్సరానిదో చూసుకోవాలి. అక్కడ 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ (పొల్యూషన్) టెస్ట్ మినహాయింపు ఉంది. 1976, ఆ తర్వాతి స్క్వేర్ బాడీలో ఇంజిన్ మార్చి ఉంటే అక్కడి రూల్స్ చాలా గట్టివి. ఆ విషయం కొనేవాడికి ముందే గుర్తుచేయండి.

ఎక్కడ అమ్మితే మంచిది?

బండి స్థాయిని బట్టి ఉంటుంది. శుభ్రంగా, పత్రాలన్నీ ఉన్న బండి అయితే ఆన్‌లైన్ వేలం మంచిది. బ్రింగ్ ఎ ట్రెయిలర్‌లో సాధారణంగా ఏడు రోజులు నడుస్తుంది, కొన్నవాళ్ల దగ్గర 5 శాతం ఫీజు తీసుకుంటారు. ఆ వారం రోజులూ వందల కళ్లు మీ బండిని చూస్తాయి, అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబివ్వాలి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువే అయినా, ఆ జవాబుల్లోనే నమ్మకం కుదురుతుంది. బారెట్-జాక్సన్ లాంటి పెద్ద వేలాలు, అంటే జనవరిలో స్కాట్స్‌డేల్‌లో జరిగేవి, బాగా పేరున్న పనితనానికి సరిపోతాయి. బండిని అక్కడికి తీసుకెళ్లే ఖర్చు, ఫీజులు కలుపుకుంటే మామూలు బండికి గిట్టుబాటు కాదు.

మధ్యరకం బండికి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, పాత బండ్ల ప్రకటనలుండే హెమ్మింగ్స్ చాలు. నేనైతే మనుషుల్ని నేరుగా కలిసే చోటే ఇష్టపడతాను. ఫిబ్రవరిలో కాన్రోలో జరిగే లోన్ స్టార్ త్రోడౌన్ లాంటి ట్రక్ షోకి బండి నడుపుకుంటూ వెళ్లి అద్దం మీద అమ్మకానికి ఉందని కాగితం అంటించండి. అక్కడ చూసేవాళ్లకి మీరు ఏం చేశారో వివరించి చెప్పక్కర్లేదు.

ఫోటోలు ఎన్ని పెట్టాలి?

వందకు తక్కువ కాకుండా తీయండి. పొద్దున్నే లేదా సాయంత్రం, నీడ పడని ఖాళీ పార్కింగ్‌లో తీస్తే బాగా వస్తాయి. బండి కింద, తలుపుల అంచులు, సీటు వెనక, తొట్టిలోని చెక్కలు, ప్రతి గీత, ప్రతి సొట్ట ఉండాలి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసే వీడియో ఒకటి తప్పనిసరి. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ రంగు అందులో కనిపించాలి.

మా నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు, ఒకప్పుడు మిరపకాయ టిక్కీల మీద కూర్చుని యార్డుకి వెళ్లినట్టే ఈ తొట్టిలో కూర్చుని కాలనీ చుట్టూ తిరిగారు. ఆ ఫోటో కూడా ప్రకటనలో పెట్టాలనిపించింది కానీ ఇంట్లోనే ఉంచుకున్నాను. అమ్మకానికి కావాల్సింది బండి ఫోటోలు.

టెస్ట్ డ్రైవ్‌కి తాళం ఇవ్వొచ్చా?

ముందు మీరు నడిపి చూపించండి, తర్వాత పక్కన కూర్చుని వాళ్లకివ్వండి. లైసెన్స్ ఫోటో తీసుకోండి. పాత బండి బ్రేకు ఎంత ముందు నుంచి తొక్కాలో, స్టీరింగ్‌లో ఎంత ఆట ఉందో కదిలేముందే చెప్పండి. ఇన్సూరెన్స్ పాలసీలో వేరేవాళ్లు నడిపితే వర్తిస్తుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. క్లాసిక్ బండ్ల పాలసీలకు షరతులు వేరుగా ఉంటాయి.

డబ్బు ఎలా తీసుకోవాలి? దీనికే టెన్షన్‌గా ఉంది.

ఉండటం సహజమే, ఎక్కువ మోసాలు జరిగేది ఇక్కడే. నకిలీ క్యాషియర్స్ చెక్కులు (బ్యాంకే తన తరఫున రాసిచ్చే చెక్కులు) అసలువాటిలాగే ఉంటాయి. బ్యాంకు మీ ఖాతాలో డబ్బు చూపించినా, చెక్కు చెల్లలేదని వారం తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. అందుకే కొనేవాళ్ల బ్యాంకు బ్రాంచికి ఇద్దరూ కలిసి వెళ్లి, కౌంటర్ దగ్గర చెక్కు రాయించుకోవడమో, వైర్ చేయించుకుని మీ బ్యాంకుకి ఫోన్ చేసి పడిందని నిర్ధారించుకోవడమో చేయండి. అడిగిన రేటుకంటే ఎక్కువకి చెక్కు పంపి, మిగిలింది ట్రాన్స్‌పోర్ట్ వాడికి ఇవ్వమంటే అది నూటికి నూరు పాళ్లు మోసం.

నగదు ఇస్తామంటే బ్యాంకులోనే లెక్కపెట్టించి జమ చేయండి. 10,000 డాలర్లు దాటిన నగదుకి బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్టు పంపుతుంది. మీరు అమ్మిన కాగితం చేతిలో ఉంటే దాని గురించి భయపడాల్సిన పనే లేదు. ఆ రిపోర్టు తప్పించుకోవాలని కొంచెం కొంచెంగా వేస్తే మాత్రం అదే నేరమవుతుంది.

అమ్మిన రోజు ఏ కాగితాలు కావాలి?

టైటిల్ వెనక సంతకం, తేదీ. ఇద్దరూ సంతకం చేసిన 130-యు ఫారం (టైటిల్ పేరు మార్పు దరఖాస్తు). "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతున్నామని, ఫలానా మార్పులు జరిగాయని రాసిన బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం) రెండు కాపీలు. 2010, అంతకుముందు మోడళ్లకు ఓడోమీటర్ రీడింగ్ ప్రకటించాలనే ఫెడరల్ నిబంధన లేదు. అయినా మీటరు ఎప్పుడు మార్చారో రాసివ్వండి.

వీలైతే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి అక్కడే పేరు మార్పించడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే అమ్మిన 30 రోజుల్లోపు డీఎంవీకి ఆన్‌లైన్‌లో అమ్మకం సమాచారం ఇవ్వండి. లేకపోతే కొన్నవాళ్ల టోల్ బిల్లులు మీ ఇంటికొస్తాయి.

లాభం వస్తే ట్యాక్స్ కట్టాలా? హెచ్-1బీ మీద ఉన్నాను, ఇబ్బందా?

సొంతానికి వాడుకున్న బండి మీద లాభం వస్తే అది ఆదాయంగా చూపించాలి. నష్టం వస్తే తగ్గించుకోవడానికి లేదు. బండిని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చుల రసీదులుంటే లాభం లెక్క తగ్గుతుంది. అందుకని పార్టుల బిల్లులు పారేయకండి.

హెచ్-1బీ మీద ఉండి సొంత బండి అమ్ముకోవడం వ్యాపారం కాదు. కానీ ఒకటి అమ్మగానే ఇంకొకటి కొని బాగుచేసి అమ్మడం మొదలుపెడితే అది వేరే పని చేయడం కింద లెక్కకు రావచ్చు. ఆ ఆలోచన ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. వీసా సంగతి ఎలా ఉన్నా, టెక్సస్‌లో క్యాలెండర్ సంవత్సరంలో నాలుగు బండ్లు దాటితే డీలర్ లైసెన్స్ కావాలి.

వేరే రాష్ట్రం వాళ్లు కొన్నారు. పంపించడం ఎలా?

ట్రాన్స్‌పోర్ట్ కొనేవాళ్లే మాట్లాడుకుంటారు. బండి బాగా కిందకి దించి ఉంటే ఆ సంగతి డ్రైవర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే ర్యాంపు మీద ముందు భాగం గీసుకుపోతుంది. ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, డ్రైవర్ రాసే కాగితంలో ఉన్న గీతలు సరిగ్గా రాశాడో లేదో చూసి సంతకం పెట్టండి. డబ్బు ఖాతాలో పడకుండా బండి కదలకూడదు.

అమ్మాక కూడా ఫోన్లు వస్తే మాట్లాడాలా?

మాట్లాడండి. చట్టప్రకారం మీకు బాధ్యత లేకపోవచ్చు కానీ ఆ బండి లోపలి సంగతులు తెలిసినవాళ్లు మీరే. నా బండి ఇప్పుడు ఓక్లహోమాలో ఉంది. పోయిన డిసెంబర్‌లో హీటర్ పనిచేయడం లేదని కొన్నాయన ఫోన్ చేశాడు. డాష్‌బోర్డు వెనక ఎడమ చేతివైపు, పసుపు టేపు చుట్టిన వైరు చివర ఒక చిన్న ఫ్యూజు ఉంటుందని చెప్పాను. లైనులో ఉంచే వెతికాడు. కాసేపటికి ఫ్యాను తిరిగిన చప్పుడు ఫోన్లో నాకూ వినిపించింది.